పిండి బస్తాలో పతకం

చైనా సరిహద్దుకు ఇవతలున్న మా యార్కెంద్‌లో సావుత్‌ను చెప్పులు కుట్టేవాడంటే ఊరుకోడు, బూట్లు కుట్టేవాడనాలి. 1944లో సరిహద్దుకు అవతల ఘుల్జాలో మనవాళ్ళు తిరగబడి సొంత రాజ్యం నిలబెట్టినప్పుడు గుర్రపు దళానికి బూట్లు కుట్టింది అతనే మరి. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మానస్ నది దాకా దళంతోనే వెళ్ళి, మోకాలి కింద తూటా దెబ్బ తిని, ఒక పతకం తెచ్చుకున్నాడు. ఆ రాజ్యం అయిదేళ్ళే బతికింది. తర్వాత చైనా ప్రభుత్వం వచ్చింది, కొన్నాళ్ళకు పతకం ఉన్నవాడల్లా దోషి అయ్యాడు. 1962 వసంతంలో వేలమందితో పాటు సావుత్ కూడా పెళ్ళాం పిల్లలతో సరిహద్దు దాటి ఇటు వచ్చిపడ్డాడు.

వచ్చాక ఇక కోతలే కోతలు. 1958లో ఇళ్ళు సోదా చేసినప్పుడు పతకాన్ని పిండి బస్తాలో దాచి, వచ్చినవాళ్ళ కళ్ళుగప్పానని ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ సోదా చేసినవాడు ఇంకాస్త వెర్రివెంగళప్ప అయ్యేవాడు, సావుత్ ఇంకాస్త వీరుడయ్యేవాడు. పేటంతా నోరు తెరుచుకుని వినేది. తప్పు వినేవాళ్ళది కూడా.

ఒక చలికాలం పేటలోకి జునున్ అనే వడ్రంగి వచ్చాడు. మెష్రెప్‌లో చేరతానన్నాడు. మెష్రెప్ అంటే ఆటా పాటా భోజనమే కాదు, తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడిగేదీ అక్కడే. తప్పు చిన్నదైతే నవ్వుకునే శిక్ష ఏదో వేస్తారు. పెద్దదైతే వెలి. వెలిపడ్డవాడి ఇంట పెళ్ళికి ఎవరూ వెళ్ళరు, చస్తే భుజం పట్టే దిక్కుండదు.

ఆదివారం మధ్యాహ్నం మెష్రెప్ పెద్ద హోషూర్ ఇంట్లో సభ్యులు ముప్పైమందీ కూర్చున్నారు. ఘుల్జా మనిషి ఒకతను లేచి, ఈ జునున్ అక్కడ ఇళ్ళు సోదా చేసినవాడని, వెలివేయాల్సిందేనని అన్నాడు. నిజమేనా అని హోషూర్ అడిగాడు.

“నిజమే. వెళ్ళమన్నారు, వెళ్ళాను,” అన్నాడు జునున్.

సావుత్ ఇప్పుడు అతన్ని గుర్తుపట్టాడు. సోదా జరిగిన రోజు పిండి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది ఇతనే. లోపల చెయ్యి ఆగింది. ఒక్కసారి సావుత్ మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి తీసి దులుపుకుని, పిండి తప్ప ఏమీ లేదని పై అధికారితో చెప్పాడు. ఆ పూట సావుత్ చేసిన ఘనకార్యమల్లా గడగడ వణకడం. ఇప్పుడు నోరు విప్పితే పేటలో తన పరువు మట్టిలో కలుస్తుంది. విప్పకపోతే తనను బతికించిన మనిషి బజారున పడతాడు.

వెలివేద్దామన్నవాళ్ళను హోషూర్ చేతులెత్తమన్నాడు. సగంమంది ఎత్తేశారు.

“ఆగన్నా,” అంటూ సావుత్ లేచాడు. “నేనెవరి కళ్ళూ కప్పలేదు. పతకం ఇతని చేతికి తగిలింది. తగిలినా లేదన్నాడు. ఉందని ఉంటే నా పిల్లలు ఆనాడే తండ్రిలేనివాళ్ళయ్యేవాళ్ళు. నేను మీకు చెప్పిందంతా బడాయి.”

వెనక ఎవరో, “మరి ఇన్నాళ్ళూ మేం విన్నదేమిటయ్యా?” అని గొణిగారు. ఎవరూ నవ్వలేదు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

ఈ మాట నువ్వే చెప్పుకోవచ్చుగా అని హోషూర్ జునున్‌ను అడిగాడు.

“వచ్చిన రోజే ఇతని కబుర్లు విన్నానన్నా. పరువుగా బతుకుతున్నాడు కదా, నేనెందుకు చెడగొట్టడం?”

హోషూర్ పక్కకు జరిగి, తన పక్కన కూర్చోమని జునున్‌కు చోటిచ్చాడు. సావుత్ వచ్చి, వయసులో తనకన్నా చిన్నవాడని కూడా చూడకుండా, జునున్ చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు. కన్నీళ్ళు ఆగలేదు.

“ఆనాడు నీ పేరు అడిగే ధైర్యం కూడా లేకపోయింది తమ్ముడూ,” అన్నాడు. “పగలు నిన్ను వెర్రివాణ్ణి చేసి నవ్వించినా, రోజూ నమాజులో మాత్రం ‘పిండిలో చెయ్యి పెట్టిన ఆ మనిషిని చల్లగా చూడు’ అనే అల్లాను వేడుకున్నాను.”