ఇరవై రెండేళ్ళ ముసలవ్వ

ఆ రోజుల్లో నేను ఊరూరా తిరిగి "అక్షరం నేర్చుకోండి" అని గొంతు చించుకునేదాన్ని. అందుకే నాకు అక్షరం నేర్చుకునే తీరిక దొరకలేదు. (నవ్వకండి, నిజమే.) నిరుడు, యాభై ఐదో ఏట, కోడలి పక్కన కూర్చుని దిద్దుకున్నాక గాని ఈ ముచ్చట కాగితం మీదికి రాలేదు. పెద్దవాళ్ళను చదువుకు పిలవడానికి నాటికలు వేసే మా జట్టులో నేనే అందరికంటే చిన్నదాన్ని, ఇరవై రెండేళ్ళు. నాకిచ్చిన వేషం మాత్రం అరవై దాటాక పలక పట్టిన ముసలవ్వది. మాటలన్నీ విని బట్టీ పట్టాను. బోర్డు మీద రాయాల్సిన 'అ'ను ముగ్గులాగా నేర్చుకున్నాను.

తొర్రూరు దగ్గర ఒక ఊళ్ళో మొదటి ఆట. ముసలితనమంటే నాకు తెలిసింది ఒక్కటే, వణుకు. జుట్టుకు సుద్దపొడి కొట్టుకుని, నడుము వంచి, చేతులు, తల, గడ్డం, వీలైతే చెవులు కూడా వణికిస్తూ వచ్చాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. ముందు వరసలో గొంగడి కప్పుకున్న ఒక అవ్వ లేచి నిలబడింది.

"ఆగు బిడ్డా! గా వణుకుడేంది? సలిజరమచ్చిందా?"

"ముసల్దాన్ని గద అవ్వా," అన్నాను వేషంలోనే.

"నాకు డెబ్బయేండ్లు. నేను వణుకుతున్ననా? ఊరోల్ల ముంగట మమ్ముల నవ్వులపాలు జేస్తున్నవ్ గదనే!"

ఆమె వెనకాలే ముసలమ్మలంతా కొంగులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఎవరి కోసం ఆడుతున్నామో వాళ్ళే లేరు. జట్టు పెద్ద, మేమంతా మాస్టరన్న అని పిలిచే పంతులు, పళ్ళు కొరికాడు. "రేపు లింగాల ఘనపూర్ల గిట్లనే అయితే వేషం ఇంకొకల్లకిస్త. నువ్వు మల్ల మిరప తోటకే పో." కాయలేరి మండే అరచేతులు గుర్తొచ్చాయి. తిన్నగా ఆ గొంగడి అవ్వ ఇంటికే పోయాను.

"ఎట్ల జెయ్యాలె అవ్వా, జర చెప్పు."

"చెప్పుడేంది? సూడు," అని మంచం మీది నుంచి పందిరి గుంజ పట్టుకుని లేచింది. "గుంజ గట్టిగున్నదా అని సూత్తున్న," అంది, నేనేమీ అడగకపోయినా. బావి దాకా వెళ్ళేలోపు నాలుగిళ్ళ ముందు ఆగి, "ఏమే, మీ బర్రె ఈనిందా?" అని పలకరించింది. జవాబు విన్నది తక్కువ, ఊపిరి తీసుకున్నది ఎక్కువ. అప్పుడు తెలిసింది నాకు. ముసలివాళ్ళు ముసలితనాన్ని చూపించరు, దాచుకుంటారు. నేను ఆడాల్సింది ఆ దాపరికాన్ని.

మర్నాడు ఘనపూర్‌లో నేను వణకలేదు. తల నిక్కించుకుని వచ్చి, నాటిక కోసం వేసిన పందిరి గుంజ పట్టుకుని, "దీన్ని ఎవడు పాతిండో, వంకరున్నది," అని తిట్టాను. నాలుగడుగులు వేసి ఆగి, "ఏమమ్మా, పత్తేరుడు అయిందా?" అని ముందు వరసను అడిగాను.

"ఏడయింది అక్కా, కూలోల్లు దొరుకుతలేరు! రా, జరసేపు కూసో, మోకాళ్లు గుంజుతయి," అని మా అమ్మమ్మ ఈడు మనిషి పక్కన జాగా చేసింది.

అక్కా! నా పెళ్ళినాడు కూడా నేనంత పొంగిపోలేదు. ఆమె పక్కన కాసేపు కూర్చుని, లేచి బోర్డు మీద 'అ' రాశాను. "నువ్వు రాయంగ నాకేం రోగం? తే గా సుద్ద!" అంటూ ఆమె పందిరి కిందికి వచ్చేసింది. ఆమె వెనక ఇంకో పదకొండు మంది. ఆ సంబరంలో నాకు చదువు రాదన్న సంగతే మరిచి మాస్టరన్న పుస్తకం నా చేతిలో పెట్టాడు, "పేర్లు రాస్కో!" అని. ఊరంతా నన్నే చూస్తోంది. పుస్తకాన్ని దూరంగా పట్టి, కళ్ళు చికిలించి, "కండ్లు మసకలు బిడ్డా, నువ్వే రాయి," అన్నాను. చప్పట్లు మోగాయి. (అన్నిటికంటే గట్టిగా కొట్టింది మాస్టరన్నే.) "వేషం నీదే పో!" అన్నాడు.

తెల్లారి, మేము పడుకున్న బడి అరుగు మీద నేను నల్లటి జడ అల్లుకుంటుంటే, నన్ను అక్కా అన్న ఆమె మూట పట్టుకుని వచ్చింది. చూపు మందమో ఏమో, నన్ను గుర్తుపట్టలేదు.

"నిన్నటి అక్క ఏది బిడ్డా?"

"పొద్దుగాల్నే పోయింది అవ్వా."

"అయ్యో! గీ రొట్టె ఆమెకియ్యి. నోట్ల పండ్లు లెవ్వో ఏమోనని మెత్తగ జేసిన."

ఇస్తానని మాటిచ్చాను. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, బడి వెనక్కి పోయి, ముప్పై రెండు పళ్ళతో, మాస్టరన్నకు ఒక్క ముక్కయినా మిగల్చకుండా, మొత్తం తినేశాను.