ముందే చెప్పిన జవాబు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఇంటర్వ్యూ నుంచి ముందు బయటికొచ్చినవాడు తర్వాత లోపలికెళ్లేవాడికి ప్రశ్నలు చెప్పాలి. చెప్పకుండా జారుకున్నవాణ్ని హాస్టల్లో ఎవరూ క్షమించరు. నేను చెప్పాను.

నా రూమ్మేట్ నాకన్నా రెండేళ్లు పెద్ద. సిటీకి తూర్పున ఉన్న పల్లె అతనిది. నాకు వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రోగ్రామింగ్‌లో సగం అతను నేర్పిందే. పెద్ద ఫైలును ఒక్కసారిగా మెమరీలోకి లాగకుండా స్ట్రీమ్‌గా కొద్దికొద్దిగా ఎందుకు చదవాలని అడిగితే, నా లాప్‌టాప్‌లోనే రెండు విధాలుగానూ చదివించాడు. మొదటిసారి మెమరీ గ్రాఫ్ నిట్టనిలువుగా లేచి ప్రోగ్రాం కూలిపోయింది.

"బిందె బిందె నోట్లె ఒంపుకుంటవా తమ్మీ? గ్లాసుతోని తాగుతవు గద" అని నవ్వాడు.

నేను పాయింట్లుగా రాసుకుని గుర్తుపెట్టుకుంటాను. అతను ఏదీ రాసుకోడు, నడిపించి చూస్తాడు.

ఒక కంపెనీ మా ఇద్దరినీ ఒకే రోజు పిలిచింది. నాది పొద్దున, అతనిది మధ్యాహ్నం. నాకిచ్చింది నాలుగు అంకెలు చూపించే చిన్న ప్రోగ్రాం. అవి ఏ వరసలో బయటికొస్తాయో చెప్పాలి. అందులో రెండు అనే అంకె టైమర్‌లో ఉంది, మూడు ప్రామిస్‌లో ఉంది, ఒకటీ నాలుగూ మామూలు లైన్లు, అవి ముందు నడుస్తాయి. సున్నా సెకన్లు అని పెట్టినా టైమర్ వంతు చివరికే వస్తుంది. ప్రామిస్ మామూలు లైన్లు అయ్యాక, టైమర్ కన్నా ముందు దూరుతుంది. కాబట్టి ఒకటి, నాలుగు, మూడు, రెండు.

ఆఫీసు కింద టీ బండి దగ్గర అతను కనిపించగానే అన్నీ చెప్పాను. ఈ జవాబైతే రెండుసార్లు పలికించాను.

"అంకెలెందుకురా? ప్రశ్న చెప్పు, సాలు."

"టెన్షన్‌లో తప్పుపోతుందేమో అన్నా. గుర్తుపెట్టేసుకో."

అతనికిచ్చిన ప్రోగ్రాంలో ప్రామిస్ ముందు అవెయిట్ అన్న మాట చేర్చారు. అది ఉంటే మూడు వచ్చేదాకా నాలుగు ఆగాలి. అతను ఆ మాట చూడలేదు, నేను పలికించిన వరసే చెప్పాడు. ఎందుకని అడిగితే, తనది కాని జవాబుకు కారణం వెతుకుతూ తడబడ్డాడట. స్ట్రీమ్‌ల దాకా, మెమరీ దాకా ప్రశ్నలు వెళ్లనే లేదు. ఉద్యోగం నాకొచ్చింది.

ఫలితం తెలిసిన సాయంత్రం మెట్రోలో నా భుజం తట్టి, "పార్టీ ఎప్పుడు?" అన్నాడు. "నేనే సరిగ సూడలే. నువ్వేం పరేషాన్ గాకు."

తిట్టినా బాగుండేది. మూసారాంబాగ్ స్టేషన్ దాటుతుండగా అర్థమైంది. ప్రశ్న చెప్పడం మా పద్ధతి, అందులో తప్పులేదు. జవాబు చెప్పడం మాత్రం పద్ధతి కాదు. నాకు నేర్పినవాడికి నేను నేర్పుతున్నానన్న సంబరం అది. ఆ ప్రోగ్రాంను అతని కళ్లతో అతన్ని చూడనివ్వలేదు.

మొన్న ఎల్బీనగర్‌లో అతనికి ఇంకో ఇంటర్వ్యూ పడింది. అక్కడికి వెళ్లొచ్చిన కొలీగ్ ఒకడు అన్నం తింటూ నాకు ప్రశ్నలన్నీ చెప్పాడు. అంతలోనే రూమ్మేట్ ఫోన్.

"ఏమడుగుతున్నరో ఏమన్న ఎరుకైనాదిరా?"

"తెలీదన్నా."

"సరే తియ్, సూస్కుంట."

ఫోన్ పెట్టేశాక తట్టింది. జవాబులు మానేసి ప్రశ్నలు మాత్రం చెప్పుంటే సరిపోయేది కదా. వెంటనే మళ్లీ చేశాను. స్విచాఫ్. అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటాడు.