కొంగ పోయిందా, ఉన్నదా

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో చెయ్యి పెడితే నాలుగో తరగతి తెలుగు వాచకం దొరికింది. నేను చదివిన వాచకమే. తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాత కాగితం, ఎండిపోయిన మైదా జిగురు, ఎవరి అన్నం డబ్బాలోంచో కారిన ఆవకాయ నూనె కలిసిన ఆ వాసనకి, అమ్మేవాడు వింతగా చూస్తున్నా సరే, అక్కడే కాసేపు నిలబడిపోయాను. చివరి ఆకు ఉందో లేదో మాత్రం చూసుకుని, ఉందని తెలిశాక, ఇంటికి వెళ్లి తీరిగ్గా చదవాలని మూసేశాను. నా చిన్నప్పటి వాచకంలో ఆ ఆకు లేదు.

అప్పుడు మేం కొండాపూర్‌లో ఉండేవాళ్లం. హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. నాన్నగారికి బదిలీ అయి గుంటూరు నుంచి వచ్చి, ఊరి అంచున కిరాయికి దిగాం. ఇంటి వెనక జొన్నచేలు, చేల వెనక ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండే బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు. వానాకాలం వెళ్లేవేళకి ఆ కాయల తీపి వాసన పుస్తకాల సంచీకి కూడా పట్టేది. మధ్యాహ్నాలు ఎక్కడో ఈల ఊదేవారు, ఆ వెంటనే బండలు పేల్చిన చప్పుడుకి మా వంటింట్లో స్టీలు పళ్లేలు గలగలమనేవి. అమ్మ వాటిని మళ్లీ సర్దుకునేది.

మా ఇంట్లో వాచకాలు కొనడం తక్కువ, దిగిరావడమే ఎక్కువ. పెదనాన్నగారి పిల్లలు చదివినది అన్నయ్యకి, అన్నయ్య చదివినది నాకు. కొత్త అట్ట వేసి, ఊడిన ఆకుల్ని మైదా జిగురుతో అంటించి, ఆరబెట్టి ఇచ్చేవారు. ఇంతమంది చేతులు పడ్డ పుస్తకంలో బొమ్మలకి మీసాలుండేవి, రాణిగారికి కూడా. చేతులు మారేకొద్దీ ఎప్పుడూ ఆఖరి పాఠమే ముందు పోయేది. బడిలో ఆ పాఠం దాకా వెళ్లేలోపు ఎండాకాలం వచ్చేసేది కాబట్టి దాని కోసం ఎవరూ బెంగపడేవారు కాదు.

సాయంత్రం కాగానే వాకిట్లో చాప వేసుకుని పైకి చదవాలి. నోట్లో చదువుకుంటే చదువుతున్నట్టు లెక్క కాదు, వంటింట్లో పోపు పెడుతున్న అమ్మకి వినబడాలి. వాన మీద గేయం వస్తే ఊగుతూ రాగం తీసేదాన్ని, పిట్టల పాఠం వస్తే పిట్ట గొంతు పెట్టేదాన్ని. వంటింటి కిటికీ కంటే ముందు ప్రహరీ గోడ అవతలి నుంచి జవాబొచ్చేది: “జర పైకి సదువు బిడ్డా, ఇనవడ్తలేదు.”

ఆ గొంతు పక్కింటి సత్తెమ్మ అవ్వది. మా వెనక జొన్నచేను ఆవిడదే. గోడ మీద మోచేతులు పెట్టుకుని, చెవికి వేలాడే బరువైన బంగారపు కమ్మల్ని సవరించుకుంటూ కథలన్నీ వినేది. వినడానికి రుసుమన్నట్టు వేడి వేడి సర్వపిండి ముక్క గోడ మీద పెట్టేది. నేను సగం పాఠంలో ఆపేసి దాని మీద పడేదాన్ని.

ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక, బడి కంటే ముందే వాకిట్లో నా పాఠాలన్నీ అయిపోయి, ఆఖరిది ఎత్తుకున్నాను. చెరువు ఎండిపోతోంది. పిట్టలన్నీ దూరాన ఇంకో చెరువుకి ప్రయాణం కట్టాయి. ముసలి కొంగ ఒక్కటే గట్టు మీద నుంచి కదలడం లేదు. పిల్లకొంగ వచ్చి, “అమ్మమ్మా, నువ్వు రావా?” అని అడిగింది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

“గదేందే, సగంల ఇడిసిపెట్టిండ్రు. గా కొంగ పోయిందా, ఉన్నదా?”

“తెలీదవ్వా, ఆకు చిరిగిపోయింది.”

మర్నాడూ అదే అడిగింది, ఆ మర్నాడూ అదే. అప్పటికే ఆవిడ కొడుకులు చేనూ ఇల్లూ అమ్మకానికి ఒప్పుకుని, శంకర్‌పల్లి అవతల పొలం చూసుకున్నారు. రమ్మని వాళ్లు బతిమాలడం, “నేను రాను, మీరు పోండ్రి, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి” అని ఆవిడ అనడం గోడ ఇవతలికి రోజూ వినబడేది. అన్నం కూడా సరిగ్గా తినడం లేదని అమ్మ నాన్నగారితో చెప్పేది. నాకు మాత్రం కొంగ సంగతి తేలితే అవ్వ అన్నం తింటుందని గట్టి నమ్మకం. ఎందుకు నమ్మానో ఇప్పటికీ చెప్పలేను.

బడిలో కొత్త వాచకం ఉన్నది సుధ ఒక్కదానికే. ఒక్క పూటకి అరువడిగి తెచ్చాను. తీరా ఆ సాయంత్రానికి జ్వరం వచ్చి నా గొంతు పూడుకుపోయింది. అమ్మ పొయ్యి మీది గిన్నె దించి వచ్చి, నా తల ఒళ్లో పెట్టుకుని తానే చదివింది. ఎప్పుడూ పైకి చదవని అమ్మ, గోడ దాటేలా చదివింది. ముసలి కొంగ పిట్టలతో వెళ్లిందట. కొత్త చెరువులో అన్నీ సుఖంగా ఉన్నాయట. అమ్మ ఒక్క క్షణం ఆగింది. ప్రతి ఏడూ తొలకరి పడగానే ముసలి కొంగ ఎగిరొచ్చి, పాత గట్టు మీద ఒక పూట నిలబడి, నీళ్లు చూసుకుని వెళ్లేదట.

గోడ మీద అవ్వ మోచేతులు ఇంకాస్త ముందుకు జరిగాయి.

“సూసి పోనీకి ఒస్తదా?” అంది అవ్వ.

“వస్తుందండి పెద్దమ్మగారూ, ప్రతి ఏడూ వస్తుందండి,” అంది అమ్మ.

“గట్లయితే పోవచ్చు తియ్యి, బిడ్డా.”

ఉగాదికి ముందే వాళ్లు వెళ్లిపోయారు. తొలకరికి అవ్వ నిజంగానే వచ్చింది, కొంగున మొక్కజొన్న విత్తనాలు ముడివేసుకుని. చేను ఉన్నచోట కంచె వెంట కాసేపు నిలబడి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కొన్ని విత్తనాలు మా పెరట్లో గుచ్చి వెళ్లింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ప్రతి ఏడూ వచ్చింది. బండలు పోయాయి, సీతాఫలాలు పోయాయి, ఆవిడ నిలబడేచోట ఇప్పుడు అద్దాల మేడ కింద కార్లు ఆగుతాయి. ఆ దారిన ఆఫీసుకి వెళ్తుంటే పైకి చదివే పిల్లల గొంతు ఒక్క ఇంట్లోంచీ వినబడదు. ఆ ఇళ్లలోని పిల్లల మీద నాకు ఊరికే కోపం వస్తుంది, పాపం వాళ్లేం చేశారని.

ఇంటికొచ్చి ఆఖరి ఆకు తీశాను. ముసలి కొంగ వెళ్లింది. కొత్త చెరువులో అన్నీ సుఖంగా ఉన్నాయి. ఆ కిందే ప్రశ్నలు. తొలకరి లేదు, పాత గట్టు లేదు. ఆకు తిప్పి వెనక చూశాను, అక్కడా లేదు. కళ్లనీళ్లు ఆపుకోలేక అమ్మకి ఫోన్ చేశాను.

“పుస్తకంలో లేదా?” అంది అమ్మ. తర్వాత, కూర మాడుతోందన్నంత మామూలుగా, “ఆవిడ గోడవతల నిలబడి వింటున్నారు కదే. అక్కడెలా ఆపను?” అంది.