ఆగగలనన్న పెట్టె

మన రొయ్యల గుంటల మీద పెట్టెలు బిగించిన ఇంజనీరక్క మొన్న చనిపోయింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను రొయ్యల మేత మోస్తున్నాను. నాన్నకి చెప్పాను. నాన్న నా భుజం మీది బస్తా దించి, దాని మీదే కూర్చున్నాడు.

ఈ వాట్సాప్ గ్రూపులో నేను ఇంతవరకు దండం బొమ్మ తప్ప ఏమీ పెట్టలేదు. పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. పదిమంది ముందు నిలబడి మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. అక్క తెలియని కొత్తవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మొదటి నుంచి చెప్తాను.

కరెంటు తక్కువ వచ్చినప్పుడు నీళ్ళు చిమ్మి గాలి పట్టించే ఏరియేటర్లు అందరివీ ఒకేసారి తిరిగితే లైను ట్రిప్ అయిపోతుంది. దానికోసం అక్క గుంటకొక పెట్టె పెట్టింది. అందులో ఒక ప్రోగ్రాము. నీళ్ళలో వేలాడే సెన్సరు చూసి, తన గుంటలో ఆక్సిజన్ ఎంతుందో అది మిగతా పెట్టెలకి చెప్తుంది, వాటిది వింటుంది. బాగున్న గుంట పెట్టె ‘ఆగగలను’ అని, తన ఏరియేటర్లు కాసేపు ఆపుతుంది. ఊపిరాడని గుంటవి తిరుగుతాయి.

అక్క మేత బస్తా మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ రాసేది. గొడుగు ల్యాప్‌టాప్‌కి పట్టి తను ఎండలో ఉండేది. పక్క గుంట మామ ఒకసారి అడిగాడు.

“వీటన్నిటికీ పెద్ద ఎవరమ్మా?”

“ఎవరూ లేరు మామా. పెద్దని పెడితే, ఆ పెద్ద చెడిపోయిన రోజు అందరం మునుగుతాం. ఇయ్యే మాట్లాడుకుంటాయి.”

“ఈ కట్టల మీద మనుషులే మాట్లాడుకోరు గదమ్మా!”

“అందుకే గదా, పెట్టెలకి నేర్పిస్తా ఉండాను” అని అక్క నవ్వింది. వెళ్ళేటప్పుడు పెట్టె మూత మీద వేళ్ళతో తట్టి, “పక్కనోళ్ళ మాట వినాల, సరేనా” అనేది. పెట్టెకే చెప్పేదో, నాకు చెప్పేదో.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత ఎవరికో తెలివి పుట్టింది. సెన్సరుని గుంటలోంచి తీసి బురదనీళ్ళ బకెట్లో వేలాడదీస్తే, ఆక్సిజన్ లేనట్టే చూపిస్తుంది. అప్పుడు పెట్టె ఎప్పుడూ ‘ఆగలేను’ అనే అంటుంది. ఒకరిని చూసి ఒకరు బకెట్లు పెట్టారు. మా గుంట దగ్గర పెట్టింది నాన్న. బురద తోడింది నేను.

“అందరూ పెట్టినారు. మనం పెట్టకపోతే మనమే గదరా పిచ్చోళ్ళం” అన్నాడు నాన్న.

పెట్టనిది పక్క గుంట మామ ఒక్కడే. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం కరెంటు తగ్గింది. మామ పెట్టె నిజం చెప్పి ఆగింది. మిగతా పెట్టెలు ఒక్కటీ ఆగలేదు. కాసేపటికి మామ పెట్టె కూడా ‘ఇక ఆగలేను’ అంది. వినేవాళ్ళు లేరు. అంతలో లైను ట్రిప్ అయింది. బాగుచేసేసరికి, ముందే ఆగిన మామ గుంటలో రొయ్యలు చచ్చి తేలిపోయాయి.

అక్క రాగానే అందరూ చుట్టుముట్టారు.

“ఏంది మేడం, మీ పెట్టెలు మాట్లాడుకున్నాయా, కొట్టుకున్నాయా?”

అక్క కట్ట వెంట నడిచి మా బకెట్ దగ్గర ఆగింది. నన్ను చూసింది. సెన్సరు తీసి, చున్నీ అంచుతో బురద తుడిచి, మళ్ళీ గుంటలో వేలాడదీసింది. వెనక్కి తిరిగి, “తప్పు నాదే. అందరూ నిజమే చెప్తారనుకుని రాసినాను” అంది. బకెట్ సంగతి మామకి కూడా చెప్పలేదు.

తర్వాత ప్రోగ్రాము మార్చింది. ఒక పెట్టె మాట తేడాగా ఉంటే మిగతావి, ‘అందరిదీ ఒకే కాలవ నీళ్ళు, నీకొక్కదానికే ఎందుకట్టా’ అని అడుగుతాయి. ఈరోజు ఆగినవాళ్ళకి రేపు ముందు వంతు. ఒంట్లో బాగాలేకపోయినా అది ఎక్కించి వెళ్ళింది. మేం మాత్రం మళ్ళీ బకెట్లు పెట్టాం. అందరూ పెడితే పెట్టెలు ఎవరిని అడుగుతాయి? ఆసుపత్రి నుంచి అక్క నాకు మెసేజ్ పెట్టింది: “బకెట్ తీసినావా అబ్బయా?” చూశాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

కొడవలూరులో అక్క ఇంటి ముందు మనవాళ్ళే అన్నారు: “మంచిదే పాపం. కానీ ఆ పెట్టెలే గదా మామని ముంచినాయి. పీకి పారేయాల.” మామ అక్కడే ఉన్నాడు. నాన్న తలూపాడు. నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. లోపల అక్కని పడుకోబెట్టారు. ఆ ఒక్క మాట అప్పుడు కూడా నా నోట్లోంచి రాలేదు.

పెట్టెలు పీకొద్దు. అవి ముంచలేదు. మనం ముంచాం.

పొద్దున ఇక్కడి వరకు రాసి నాన్నకి చదివి వినిపించాను. కొడతాడనుకున్నాను. “పెట్టింది నేనని రాసినావు గదా, ఉండనీ” అన్నాడు. లేచి వెళ్ళి బకెట్ బోర్లించి, సెన్సరుని గుంటలోకి వదిలాడు.

ఇందాక మళ్ళీ మబ్బు పట్టింది, కరెంటు తగ్గింది. మా పెట్టె ‘ఆగగలను’ అంది. మా ఏరియేటర్లు నెమ్మదించి ఆగిపోయాయి. మామ ఈమధ్యే మళ్ళీ రొయ్యపిల్ల వదిలాడు; అతనివి తిరుగుతున్నాయి. మామ షెడ్డులోంచి బయటికొచ్చి, ఆగిన మా నీళ్ళని చూసి, మమ్మల్ని చూశాడు. నాన్న తల దించుకున్నాడు. మామ గుంటలో లేచిన తుంపర గాలికి కట్ట దాటి మా చేతుల మీద పడుతోంది. ఇద్దరం తుడుచుకోలేదు.