మూత తీయగలిగిన ఫోన్

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా ఏ దేశపు మోటారు తెచ్చి ముందు పెట్టినా దాని మీది వివరాల రేకు చదివి, ఎన్ని చుట్ల తీగ పడుతుందో చెప్పగలను. సైకిల్ చక్రంతో తీగ చుట్టే మిషన్‌ను సొంతంగా తయారుచేశాను. పిండి మిల్లు పెద్ద మోటారును కంపెనీవాళ్లే వదిలేస్తే నేను తిప్పి చూపించాను. ఇరవై ముగ్గురికి పని నేర్పాను. ఇవన్నీ నిజమే గానీ, ఇప్పుడు రాస్తున్నది నా తమ్ముడి గురించి. మోటార్లు బాగుచేసే నా షాపుకు పేరొచ్చిందంటే అందులో సగం వాడి చెవుల వల్ల. ఆ మాట వాడికి వినపడే రోజుల్లో నేనెప్పుడూ అనలేదు.

వాడిని అందరూ చెవి మేస్త్రీ అనేవారు. తిరుగుతున్న మోటారుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. "వెనక బేరింగ్. ఒక గుండు అరిగింది" అనేవాడు. విప్పి చూస్తే అదే. నోట్లో నాలుక లేని మనిషి. నేనేం చెప్పినా తల ఊపేవాడు, అంతే.

మూత తీయడానికి వీల్లేని వస్తువు మా షాపులోకి రాకూడదని నేను పెట్టిన నియమం. ఫ్యాన్ అయినా రేడియో అయినా సరే, విప్పలేనిది మనది కాదు. స్మార్ట్‌ఫోన్లు తప్పనిసరి అయినప్పుడూ అదే పట్టు పట్టాను. లోకమంతా వాడే రెండు రకాలూ జిగురుపెట్టి అతికించినవే. పక్కషాపు కంప్యూటర్ల మెకానిక్ మూడో రకం చూపించాడు. వెనక మూత గోరుతో ఊడుతుంది. లోపల నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నూ కావలసినట్టు మార్చుకోవచ్చన్నాడు.

"కాకపోతే బాబాయ్, అందరి ఫోన్లలో ఉండే యాప్‌లు చాలావరకు ఇందులోకి రావు."

"వస్తే మాత్రం? అవొచ్చి నాకు మోటార్లు చుట్టిపెడతాయా?"

రెండు తీసుకున్నాను. ఒకటి తమ్ముడి చేతిలో పెట్టాను. తల ఊపాడు.

నాలుగేళ్లు గడిచాక ఒకరోజు వాడు ముందు బేరింగ్ అన్నాడు, విప్పితే పోయింది వెనకది. నవ్వి ఊరుకున్నాను. మరదలు మాత్రం ఊరుకోలేదు, చెవి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లి చెవి మిషన్ ఇప్పించింది. ఇంట్లో ఒకలా, రొదలో ఒకలా దాన్ని సర్దుకోవాలి. అది ఫోన్‌లో యాప్‌తోనే కుదురుతుంది. ఆ యాప్ ఉన్నది లోకమంతా వాడే ఆ రెండు రకాల ఫోన్లకే.

మరదలు షాపుకొచ్చింది. "బావగారూ, ఆయనకు అందరూ వాడే ఫోన్ తీసుకుందామనుకుంటున్నాం. మీరొక్క మాట చెప్పండి."

"చెవిలో పెట్టుకునేదానికి ఫోనెందుకమ్మా? రేపు కళ్లజోడుకూ ఫోన్ కావాలంటారు."

పనివాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "మీరు చెప్పకపోతే ఆయన మార్చరు."

"వాడినే అడుగుదాం. ఏరా, ఈ ఫోన్ నీకు పనికి రావట్లేదా?" అని గట్టిగా అరిచాను.

వాడు జేబులోంచి ఫోన్ తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "బాగానే ఉందిగా అన్నయ్యా."

"విన్నావుగా" అన్నాను ఆమెతో, ఏదో గెలిచినట్టు.

ఆ తర్వాత మూడేళ్లు. టీ తాగుతూ మేమంతా కబుర్లాడుకుంటుంటే వాడు గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు. మొదటి నుంచీ మితభాషే కదా అనుకున్నాను. మోటార్లు తెచ్చేవాళ్లు వాడిని అడగడం మానేసి నేరుగా నా దగ్గరకే వచ్చేవారు. అది నా పనితనం చూసేననుకున్నాను.

ఒకరోజు వాడి సొరుగులో బేరింగ్ కోసం వెతుకుతుంటే ఒక పెట్టెలో గుడ్డముక్కలో చుట్టిన చెవి మిషన్ దొరికింది. దానిమీద దుమ్ము లేదు. అప్పుడప్పుడూ తీసి తుడుస్తున్నాడన్నమాట. షాపు రొదంతా తలలో మోగుతుంటే, తగ్గించుకునే దారిలేక మొదటి వారమే తీసేశాడని మరదలు చెప్పింది. మర్నాడే వెళ్లి, మూత రాని ఫోన్‌ను నా చేతులతోనే కొన్నాను. వాడిని డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను.

ఆమె చాలాసేపు పరీక్షించింది. "శబ్దం అందుతోందండీ, మాట విడిగా తెలియట్లేదు. ఇన్నేళ్లు వినకుండా ఉంటే ఆ అలవాటు తప్పుతుంది. అప్పటి నుంచే పెట్టుకుని ఉండాల్సింది. ఇక కొంత రావచ్చు, అంతా రాదు." తర్వాత కాగితం మీద రాసి వాడినే అడిగింది, ఎందుకు వాడలేదని.

వాడు చదివి, నా వైపొకసారి చూశాడు. "షాపులో పని ఎక్కువమ్మా, కుదరలేదు."

నేను అక్కడే ఉన్నాను. "కాదు, కారణం నేనే" అని చెప్పలేదు.

నిన్న షాపులో చెవి మిషన్ పెట్టుకుని, మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి నిలబడ్డాడు. "వెనకది" అన్నాడు. విప్పితే వెనకదే. మోటారు చెప్పేది వాడికి ఇప్పటికీ తెలుస్తుంది. నేను పక్కకు వెళ్లి, "ఈ షాపు సగం నీ చెవుల మీదే నడిచిందిరా" అన్నాను. వాడు నా పెదాల వైపు చూసి తల ఊపాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ ఊపాడు, ఎప్పటిలాగే.