జ్ఞానసుందరమ్మ గారి బాలింతలు

జ్ఞానసుందరమ్మ గారి కంటికి లోకంలో అందరూ బాలింతలే. మిషను ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా రిటైరయ్యారు గానీ, వార్డు ఆవిడ్ని వదల్లేదు. పొరుగింటి ఆవు ఈనితే దానికీ పథ్యం చెప్పి వచ్చిన మనిషి. తిత్లీ తుపానుకి రేకులు ఎగిరిపోయిన కోటబొమ్మాళి చర్చి హాలును పునాదుల నుంచీ మళ్లీ కడుతూ, ఆ పని అజమాయిషీని సంఘం కమిటీ వారు తెలిసి తెలిసి ఆవిడకే అప్పగించారు. ఫుటింగులకి కాంక్రీటు పోసిన సాయంత్రమే పునాది గుంతల దగ్గర వార్డు తెరిచేశారు.

తడి గోనెలు కప్పించారు. చెప్పులతో ఎవరూ దగ్గరికి రాకూడదన్నారు. పాస్టరు గారొచ్చి ప్రార్థన మొదలెట్టబోతే, కాస్త గొంతు తగ్గించండి, ఇప్పుడే కునుకు పట్టిందన్నారు. ఆయన పాపం పెదాలు మాత్రం కదిపి వెళ్లిపోయారు.

మేస్త్రీ సోములుకి ఓపిక చచ్చిపోయింది. "అమ్మా, రాయిలాగ గట్టిపడిపోనాది. పిల్లర్లు లేపేద్దుమా?"

"పైకి గట్టిగానే ఉంటాది. లోపల పచ్చి బాలింత. దాని నెత్తిన బరువెడతావేటి?"

ఇంతవరకూ ఇంజినీరు విక్టర్‌దీ ఆవిడ పక్షమే. కాంక్రీటుకి ఎండితే కాదు, నీళ్లు తాగితేనే బలమొస్తుందని అతనికీ తెలుసు. కానీ అదే కాంక్రీటుతో పోసిన నమూనా క్యూబులు పరీక్షకి పంపి, బలం సరిపడా వచ్చిందని తేలాక కూడా ఆవిడ గోనె తియ్యనివ్వలేదు. క్రిస్మస్ ఆరాధన కొత్త హాల్లోనేనని సంఘానికి మాటిచ్చిన విక్టర్‌కి ఒళ్లు మండింది. ఇవాళ అటో ఇటో తేల్చేస్తానని బయల్దేరాడు. బూట్లు మాత్రం విప్పే వెళ్లాడు.

"ఇంకెన్నాళ్లు ఆంటీ?"

ఆవిడ గడ్డంతో అటు చూపించారు. గుంత పక్కన నీడలో చీర ఉయ్యాల. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండో చేత్తో గొట్టం పట్టుకుని గోనెలు తడుపుతోంది అమ్మడు. సోములు ముఠాలో కూలీ. కాన్పయి నెల తిరక్కుండానే కాంక్రీటు గమేళా ఎత్తబోతే, ఆవిడే లాక్కొచ్చి గొట్టం చేతిలో పెట్టారు.

"ఫుటింగు మోస్తాది, నాకూ తెలుసు. ఆ పిల్లే మొయ్యలేదు" అన్నారు నెమ్మదిగా. "నీళ్ల పని అయిపోతే రేపే గమేళా ఎత్తుతాది. ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి ఎలగదు."

విక్టర్ కోపమంతా ఎటో పోయింది. ఆవిడ మీద అభిమానం పొంగింది గానీ, క్రిస్మస్ ఆగదు కదా. కాసేపు ఉయ్యాల కేసి చూశాడు.

"ఆంటీ, పిల్లర్లకి మాత్రం నీళ్లక్కర్లేదేటి? పోశాక అవీ పచ్చి బాలింతలే. వాటి ఎనకాల బీములు, ఆ ఎనకాల స్లాబు. అమ్మడు చేతిలో గొట్టం ఇప్పట్లో దిగదు."

ఇన్ని కాన్పులు చూసిన మనిషికి ఈ చిన్న ముక్క తట్టనే లేదు. ఆ సంగతి పైకి కనపడనివ్వకుండా ఆవిడ వంగి, గోనె ఎత్తి, కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"జొరం లేదు. డిశ్చార్జి ఇచ్చీ" అన్నారు.

సోములు మనుషులు హుషారుగా పిల్లర్లు పొయ్యడానికి బిగించే పలకలు భుజానేసుకుని గుంతలోకి దిగబోయారు. జ్ఞానసుందరమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టి, కొత్త పేషెంట్లు చేరుతున్నారు, ముందు చెప్పులు విప్పమన్నారు.