నడకతో జయించిన టీచరమ్మ

మా జగ్గయ్యపేట వాకర్స్ సంఘం వాళ్ళు క్యాన్సర్ అవగాహన నడక పెట్టి, గ్రౌండు గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. పైన చేతులు జోడించిన పెద్దమనుషులు పదకొండు మంది. కింద మూలన, గులాబీ రంగు వలయంలో నేను. నా ఫోటో కింద ‘నడకతో క్యాన్సర్‌ను జయించిన మన టీచరమ్మ’ అని వేశారు. నన్ను బతికించింది విజయవాడలో ఒక సర్జన్, ఆరు కీమోలు, ఆ పైన రేడియేషన్. వాటి ఊసు ఫ్లెక్సీ మీద ఎక్కడా లేదు.

నడిచిన మాట నిజమే. కీమో అయ్యాక ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేది. చూడటానికి వచ్చినవాళ్ళు జబ్బు పేరు పలక్కుండా ‘అదేనంటగా’ అని గుసగుసలాడి, ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచిపోయేవాళ్ళు. ఆ మొహాలు చూడలేక తెల్లవారగానే గ్రౌండుకు పోయేదాన్ని. సున్నపురాయి లారీల దుమ్ము ఎంత ఉన్నా, ఆ వేపచెట్ల పక్కన నాలుగు రౌండ్లు తిరిగితే ఆకలి వేసేది, నిద్ర పట్టేది. నందిగామలో నా స్కూలుకు మళ్ళీ బస్సెక్కి వెళ్ళగలిగాను. నడక నాకు చేసిన మేలు అంతవరకే.

కానీ ఎవరైనా ‘ఎట్టా తగ్గిందండీ?’ అంటే ‘అంతా నడక మహిమ’ అని నవ్వేసేదాన్ని. ఆపరేషన్ అన్నానంటే చాలు, వాళ్ళ చూపులు నా జాకెట్టు మీదికి పోయేవి. ఆ చూపులంటే రోత. అందుకే ఆ అబద్ధం నాకు హాయిగా ఉండేది.

నాతో రోజూ నడిచే ఆవిడను వదినగారూ అంటాను. మా వీధే, పొలాలున్న కుటుంబం. ఆవిడ భర్తే వాకర్స్ సంఘం ప్రెసిడెంటు. అవగాహన నడక ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున వదినగారు నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు.

“టీచరుగారూ, ఎడం పక్కన గడ్డలా తగులుతుందండి. నొప్పేం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలా.”

ఇవాళే విజయవాడ వెళ్దాం పదండి అన్నాను. అమ్మాయికి సంబంధం మాటల్లో ఉందని, ఆస్పత్రికి వెళ్తే నలుగురికీ తెలిసిపోతుందని ఆవిడ ససేమిరా అన్నారు. చివరికి నేనే ఒక దారి చూపించాను. నడక రోజు పరీక్షలు చేసే వ్యాను వస్తుంది, ఆడ డాక్టరు ఉంటుంది, పదిమందితో పాటు ఎక్కితే ఎవరికీ అనుమానం రాదు. “అట్టయితే ఎక్కుతానండి” అన్నారు. ఆ వారమంతా నాకు అదే ధ్యాస.

ఆ రోజు రానే వచ్చింది. గేటు నుంచి సెంటరు దాకా నడవాలి. ఫోటోలు కాగానే పెద్దమనుషులు, ఇడ్లీలు చల్లారిపోతాయని సగం దారిలోనే వెనక్కి తిరిగారు. నేను రోజూ నడిచే దారి నిండా చట్నీ కారుతున్న ప్లేట్లు, తొక్కేసిన గులాబీ టోపీలు. మైకులో ఒక్కరి నోటి వెంటా రొమ్ము అనే మాట రాలేదు. “ఆడవాళ్ళకొచ్చే ఆ సమస్య” అని ఒకాయన, “ఆ భాగం” అని గొంతు తగ్గించి ఇంకొకాయన. వీళ్ళందరూ ఏం తాగి పెరిగారో అనిపించింది. నా వంతు వచ్చాక నేను మైకు పట్టుకుని, “రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచుకోకండి” అన్నాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటుగారు నవ్వుతూనే మైకు లాక్కుని నాకు శాలువా కప్పారు. ఫ్లెక్సీ మీద రాసింది అబద్ధమని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు.

వ్యాను దగ్గర ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నిలబడ్డారు. ముందున్నది వదినగారే. మెట్టు మీద కాలు పెట్టబోతుంటే, అంతకుముందే మైకులో ‘భయపడకుండా ముందుకు రండి’ అని చెప్పిన భర్త గబగబా వచ్చారు.

“నువ్వెక్కడికే? నువ్వే ముందెక్కితే మనింట్లోనే ఉందనుకుంటారు. రేపు సంబంధం వాళ్ళ చెవిన పడితే? పోయి సాంబారు బకెట్టు సంగతి చూడు.”

ఆవిడ కాలు వెనక్కి తీసుకున్నారు. అది చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. కాసేపటికి వ్యాను వెళ్ళిపోయింది.

కుళాయి దగ్గర గరిటె కడుక్కుంటున్న ఆవిడను పట్టుకుని, “వారం రోజులే కదా అని ఊరుకున్నాను వదినగారూ, ఇక ఊరుకోను” అన్నాను.

“వారం కాదండి. ఉగాది ముందు నించీ ఉంది.”

అప్పటికి దసరా వెళ్ళిపోయింది. “మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?”

“మీకు నడకతోనే తగ్గిందన్నారు గదండీ. నాకూ కరుగుద్దేమోనని నడుస్తున్నా. నాలుగు రౌండ్లకి కరగట్లేదని ఆరు చేసా.”

అవును. ఎండాకాలం నుంచీ నేను ఆగిపోయినా ఆవిడ ఇంకో రెండు రౌండ్లు వేసి వచ్చేవారు. పట్టుదలంటే మీదేనండీ అని మెచ్చుకునేదాన్ని. అప్పటిదాకా ఆ భర్త మీద ఎంత అసహ్యం వేసిందో, ఆ క్షణాన నా మీద నాకు అంతకు పదింతలు వేసింది.

ఆవిడ చెయ్యి పట్టుకుని స్టేజీ వెనకున్న బాత్‌రూములోకి లాక్కుపోయాను. కంపు భరించలేకుండా ఉంది. తలుపు గడియ పెట్టి, శాలువా తీసేసి, జాకెట్టు హుక్కులు విప్పి, లోపల పెట్టుకున్న దూది మెత్తను బయటికి లాగాను. ఎడమ వైపు చదునుగా ఉన్న చర్మాన్ని, చంక దాకా పోయిన కుట్ల గీతను చూపించాను.

“నన్ను నడక బాగు చెయ్యలేదు. కోసేశారు. నేను అబద్ధం చెప్పాను.”

ఆవిడ మొహం తిప్పుకోలేదు. చాలాసేపు చూశారు. తర్వాత నా హుక్కులు తనే పెట్టి, “విజయవాడ బస్సు ఎన్నింటికండీ?” అన్నారు.

ఎవరికీ చెప్పకుండా అటునుంచి అటే బస్సెక్కాం. నందిగామ దాటింది, కీసర దాటింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగింది. వదినగారు చెప్పారు. “ఇన్ని నెలలు ఏం చేస్తున్నారమ్మా?” అని డాక్టరమ్మ కసురుకుంది.

నేను నోరు తెరవబోయాను. వదినగారు నా వైపు చూడనైనా చూడకుండా అందుకున్నారు.

“నా అశ్రద్ధేనండి.”